ఏసీ కింది నీళ్ళ బకెట్టు

మా ఇంట్లో ఏసీ ఆగేది కాదు. మార్చి నెలాఖరులో ఒకసారి వేస్తే మళ్ళీ నవంబరులోనే కట్టేయడం. ఇంట్లో మనుషులున్నా లేకపోయినా అది గుర్రుమంటూనే ఉండేది. బజారుకెళ్ళి వచ్చేసరికి ఇల్లు చల్లగా ఉండాలని సౌదీ అరేబియాలోని ఖతీఫ్‌లో అందరూ అలాగే వదిలేసి వెళ్ళేవారు. మేమూ అంతే. ఎప్పుడైనా కరెంటు పోయి ఆ మోత ఆగిపోతే, నిద్రలో ఉన్న నాకు టక్కున మెలకువ వచ్చేసేది.

ఆ ఏసీ వెనక నుంచి నీళ్ళు కారేవి. ఎడారి అనగానే పొడిగాలి అనుకుంటాం. కానీ ఖతీఫ్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడి ఉక్క మా కోనసీమ ఉక్కను మించి ఉండేది. బయటికి అడుగుపెడితే కళ్ళజోడు మీద ఆవిరి కమ్మేసేది. గాలిలోని ఆ తేమంతా ఏసీ లోపలి చల్లటి గొట్టాలకు తగిలి, నీరై, చుక్కలుగా రాలేది. మొదట్లో అమ్మ దాని కింద నీడో పాలపొడి డబ్బా పెట్టింది. రాత్రికి నిండి పొర్లిపోతోందని బకెట్టు పెట్టింది. తెల్లారి ఆ బకెట్టు నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసేది.

ఆ కరివేపాకు పిలకని అమ్మ అమలాపురం నుంచి తడిగుడ్డలో చుట్టి, చీరల మధ్య పెట్టి తెచ్చింది. మొదటి పిలక కుళాయి నీళ్ళకి చచ్చిపోయింది. ఖతీఫ్ కుళాయిలో వచ్చేవి ఉప్పు కలిసిన నేలనీళ్ళు. స్నానానికీ గిన్నెలకీ సరే, సబ్బు నురగ రాదు, నాలుక మీద పెట్టుకోలేం. తాగడానికి, వంటకి ‘మోయా హిల్వా’, అంటే తియ్యనీళ్ళు, వేరుగా కొనుక్కోవాలి. రెండో పిలకని అమ్మ ఏసీ నీళ్ళతో బతికించింది. వాన నీళ్ళలాంటివి కదా అవి, ఉప్పుండదు. ఆ మొక్క మా మేడమీద నా కంటే ఎత్తు పెరిగింది. ఖతీఫ్‌లోని నాలుగైదు తెలుగు ఇళ్ళకీ, రెండు మలయాళీ ఇళ్ళకీ కరివేపాకు మా ఇంటి నుంచే వెళ్ళేది.

నాన్న అమలాపురంలో మోటార్లకి వైండింగ్ చేసే షాపులో పని నేర్చుకుని, 1983లో బొంబాయి ఏజెంటుకి డబ్బు కట్టి సౌదీ వెళ్ళారు. ఒక కాంట్రాక్టు కంపెనీలో ఎలక్ట్రీషియన్. రెండేళ్ళకి ఫోర్‌మన్ అయ్యారు. అప్పుడే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి వీసా దొరికింది. 1985లో మేం వెళ్ళేటప్పటికి నాకు ఆరేళ్ళు, చెల్లికి మూడు. దహ్రాన్ విమానాశ్రయంలో దిగి, దమ్మామ్ దాటి ఖతీఫ్ వైపు కారు తిరిగాక, అమ్మ అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది.

“ఇదేంటండీ, ఇక్కడా తోటలున్నాయి!”

ఉన్నాయి. ఇసుకలో తలెత్తిన ఒక కోనసీమ లాంటిది ఖతీఫ్. కొబ్బరి బదులు ఖర్జూరం. ఖర్జూరాల కింద నిమ్మ, దానిమ్మ, అరటి, వాటి కింద పశువులకి వేసే పచ్చగడ్డి. మా ఊళ్ళో కొబ్బరి కింద కోకో, కంద, పసుపు వేసినట్టే. చెట్టెక్కేవాళ్ళు నడుం చుట్టూ తాడు కట్టుకుని, మాను చుట్టూ దాన్ని జరుపుకుంటూ ఎక్కేవారు. మన గీతకార్మికుల మోకు లాంటిదే. ఫిబ్రవరి, మార్చిలో పోతుచెట్టు పూత తెచ్చి ఆడచెట్టు గెలల్లో చేత్తో దూర్చేవారు. గాలికి వదిలేస్తే కాపు నిలవదట.

మా ఇంటి వెనక గోడకి ఆనుకుని అలాంటి తోట ఒకటి ఉండేది. తోట యజమానిని మేం ‘అమ్మీ’ అనేవాళ్ళం. అరబీలో ఆ మాటకి బాబాయి అని అర్థం. అంత గడ్డం ఉన్న మనిషిని ‘అమ్మీ’ అని పిలవాలంటే మా చెల్లి మొదట్లో ఒప్పుకోలేదు. ఆయన జూలైలో మగ్గిన ఖర్జూరాలు గిన్నెలో పెట్టి గోడ మీంచి అందించేవారు. అమ్మ అదే గిన్నెలో పులిహోర పెట్టి ఇచ్చేది. ఒకరోజు ఆయన తోటలో పెద్ద గంగాళంలో ఎర్రటి కాయలు ఉడికించడం చూశాను. ఖునైజీ అనే రకం కాయల్ని పూర్తిగా పండకముందే ఉడకబెట్టి, ఎండలో పోస్తారు. ఒకప్పుడు వీటిని పడవల్లో హిందూస్థాన్‌కే పంపేవాళ్ళమని చెప్పారు. గుప్పెడు చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ గుర్తుపట్టింది. “ఎండుఖర్జూరం రా! మన పెళ్ళిళ్ళలో తాంబూలంలో పెట్టేది ఇదే.” ఆ తీరం నుంచి మన తాంబూలం పళ్ళెం దాకా ఒక దారి ఉందని, అది చమురు కంటే ఎంతో పాతదని నాకు అప్పుడే తెలిసింది. ఖతీఫ్ ఎదురుగా ఉన్న తారూత్ దీవిలో దారీన్ అనే రేవు ఉంది. ఇస్లాం రాకముందు కాలంలోనే అక్కడికి మన దేశం నుంచి కస్తూరి, సుగంధద్రవ్యాలు వెళ్ళేవి.

అమ్మీ తోట మధ్యలో ఒక ‘ఐన్’ ఉండేది. ఐన్ అంటే కన్ను. ఊటకీ అదే మాట. గుండ్రంగా రాతికట్టు, లోపలికి దిగడానికి మెట్లు, అడుగున నీలంగా నీళ్ళు, అందులో రెండు తాబేళ్ళు. మేం వెళ్ళిన ఏడు నీళ్ళు అయిదో మెట్టు దగ్గర ఉండేవి. దాని పక్కనే కరెంటు మోటారు. వాళ్ళ తాత కాలంలో మోటారు అవసరమే లేదట. నీళ్ళు తమంతట తామే పైకి ఉబికి, కట్ట మీంచి పొర్లి, కాలవల్లో పడి తోట తర్వాత తోట తడుపుకుంటూ వెళ్ళేవట. ఏ తోటకి ఎంతసేపు అని వంతులు ఉండేవట. పొద్దు నీడని బట్టి పగటి వంతు, చుక్కల్ని బట్టి రాత్రి వంతు. మా తాతయ్య ధవళేశ్వరం కాలవ నీళ్ళకి రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని వంతుకి వెళ్ళేవారు. అందుకే ఆ మాట నాకు వెంటనే అర్థమైంది.

“మీ ఊళ్ళో నీళ్ళు ఎంత లోతు?” అని అడిగారాయన ఒకసారి. వచ్చీరాని అరబీలో, హిందీలో ఏం చెప్పాలో తెలియక నా నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. మా పెరటి బావిలో వర్షాకాలం చేద అక్కర్లేదు, వంగి చెంబుతో ముంచుకోవచ్చు. ఆయన నమ్మలేదు. పనివాళ్ళని పిలిచి, నన్ను నిలబెట్టి, నా నడుం దాకా చెయ్యి పెట్టి వాళ్ళందరికీ చూపించారు.

ఆ తర్వాత ఎందుకో ఆ మెట్లు లెక్కపెట్టడం నాకు అలవాటైంది. 1987లో ఏడో మెట్టు. 1989కి తొమ్మిదో మెట్టు దాటాయి. తాబేళ్ళు కనిపించలేదు. వాటిని సముద్రం వైపు మురుగుకాలవలో వదిలేశామని పనివాళ్ళు చెప్పారు.

నీళ్ళు ఎందుకు దిగిపోతున్నాయని నాన్నని అడిగాను. ఆయన చదువుకున్నది తొమ్మిదో తరగతే గానీ మోటార్ల సంగతి బాగా తెలుసు. “ఒక తొట్టికి పది కన్నాలు పెడితే ఏమవుతుంది?” అన్నారు. భూమి లోపల ఆ నీరంతా ఒకటే. వేల ఏళ్ళ కిందట, ఆ దేశంలో వానలు బాగా కురిసిన రోజుల్లో సున్నపురాతి పొరల్లోకి ఇంకి, ఒత్తిడితో నిలబడి ఉన్న నీరు. ఖతీఫ్ దగ్గర నేల చీలికల్లోంచి తనంతట తాను పైకి వచ్చేది. చమురు వచ్చాక లోతు గొట్టపుబావులు వచ్చాయి. ముందు డీజిలు మోటార్లు, తర్వాత కరెంటు మోటార్లు. కరెంటు ధర లెక్కలోకి రానంత తక్కువ. మోటారు ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అందరూ తోడుతుంటే ఒత్తిడి తగ్గింది, ఊటలు మూతపడ్డాయి. తారూత్ కోట కింద ఐన్ అల్ ఔదా అనే పేరున్న ఊట ఉండేది. ఊరంతా ఈతలు నేర్చుకున్నది అందులోనే. అదీ ఎండిపోయింది. మా ఏసీ ఆగకపోవడానికి, అమ్మీ మోటారు ఆగకపోవడానికి కారణం ఒక్కటే అని పదేళ్ళ వయసులో నాకు తట్టలేదు. నలభై దాటాక తట్టింది.

చమురు గురించి ఆ ఊళ్ళో పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. ఆ మరుసటి ఏడు మే 1న రాస్ తనూరా రేవు నుంచి మొదటి నౌక బయల్దేరింది. 1945లో మా ఊరి కిందే ఖతీఫ్ చమురుక్షేత్రం కనిపెట్టారు. అంటే తోటలకింద నీళ్ళు, నీళ్ళకింద చమురు. సాయంత్రం మేడ మీదికి వెళ్తే రాస్ తనూరా వైపు ఆకాశంలో మంట కనిపించేది. చెల్లి దాన్ని ‘రాత్రి సూర్యుడు’ అనేది. డెబ్బైల్లో వచ్చిన పాతకాపులు, ఇదేం మంట, అప్పట్లో చూడాలి అనేవారు. చమురుతోపాటు వచ్చే గ్యాస్‌ని అప్పట్లో చాలావరకు అలాగే తగలబెట్టేసేవారు. 1975 నుంచి దాన్ని గొట్టాల్లో పట్టే పెద్ద ఏర్పాటు మొదలుపెట్టారు. ఎనభైల మొదట్లో అది పనిలోకి వచ్చింది. ఆ గ్యాస్‌తోనే జుబైల్ ఫ్యాక్టరీలు లేచాయి, కరెంటు కేంద్రాలు నడిచాయి. ఉప్పునీటిని తియ్యనీరు చేసే ప్లాంట్లూ అలాగే నడిచాయి. పారేసేదాన్ని పట్టుకుని పనికి పెట్టడం ఎంత మంచి పనో చెప్పనక్కర్లేదు. మా నాన్నలాంటి వేలమందికి అన్నం పెట్టింది ఆ గొట్టాలే.

ఈ మాట నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. పర్యావరణం గురించి రాసేవాళ్ళలో కొందరు చమురు డబ్బుని పాపపు సొమ్ములా రాస్తారు. నేను రాయలేను. మా పెంకుటిల్లు డాబా అయింది ఆ డబ్బుతో. మేనత్త పెళ్ళి జరిగింది, తాతయ్య కంటి ఆపరేషన్ జరిగింది, నేను ఇంజినీరింగ్ చదివాను. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు అలా లేచాయో! శక్తిని వాడుకోకుండా ఏ పేదవాడూ పైకి రాలేదు. మా నానమ్మ జీవితంలో సగం పిడకలు చెయ్యడంలో, ఊకపొయ్యి ఊదడంలో గడిచిపోయింది. ఆవిడ ఊపిరితిత్తుల్లో ఆ పొగ చివరిదాకా ఉంది. గ్యాస్ పొయ్యి వచ్చిన రోజున ఆవిడ దానికి బొట్టు పెట్టింది.

మేం వెళ్ళిన మరుసటి ఏడే చమురు ధర పడిపోయింది. 1986 మధ్యలో పీపా ధర పది డాలర్ల దాకా దిగజారింది. నాన్నకి మూడు నెలలు జీతం రాలేదు. కంపెనీ సగం మందిని ఇంటికి పంపేసింది. ఇల్లంతా లెక్కపెట్టుకుని బతికాం. అద్దె, పాలపొడి, బియ్యం, స్కూలు వ్యాను, దేశానికి రాసే ఉత్తరాల స్టాంపులు, అన్నీ. అమ్మ దమ్మామ్ వెళ్ళడం మానేసింది. కానీ ఏసీ మాత్రం అలాగే తిరుగుతూ ఉండేది! ఆ కష్టకాలంలో కూడా కరెంటు బిల్లు గురించి ఇంట్లో ఒక్కసారైనా మాట వచ్చిన గుర్తు నాకు లేదు. అదే సెలవులకి అమలాపురం వెళ్తే, నానమ్మ గదిలోంచి గదిలోకి వెళ్ళేటప్పుడు లైటు ఆర్పి, అవతల గదిలో లైటు వేసుకునేది. “మీటరు తిరుగుతోంది రా అబ్బాయీ,” అనేది.

తర్వాత గల్ఫ్ యుద్ధం వచ్చింది. 1991 జనవరి, ఫిబ్రవరి నెలలు సైరన్ల మధ్య గడిచాయి. కిటికీ సందులన్నిటికీ టేపు అంటించాం, ఏసీ చుట్టూ కూడా. నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ తర్వాతి నెలలు. ఉత్తరాన కువైట్‌లో ఆరువందలకు పైగా చమురుబావులు తగలబడుతున్నాయి. గాలి అటునుంచి వీచిన రోజున మధ్యాహ్నం పన్నెండింటికే సందెవేళ అయినట్టుండేది. ఆరేసిన తెల్లచొక్కాల మీద మసి. నాన్న ఏసీ ఫిల్టరు ఊడదీసి కుళాయి కింద పెడితే నల్లటి నీళ్ళు జారిపోయేవి. కరివేపాకు ఆకులు తుడిచి వాడుకోవాల్సి వచ్చేది. సముద్రంలోకి వదిలిన చమురు తెట్టు ఒడ్డు వెంబడి దక్షిణంగా జారుకుంటూ వచ్చింది. జుబైల్‌లో తాగునీటి ప్లాంటు నోట్లోకి అది రాకుండా నీటి మీద తేలే అడ్డుగోడలు కట్టారు. తెట్టు ఎక్కువ భాగం జుబైల్ ఉత్తరాన అబూ అలీ దీవి దగ్గరే ఆగిపోయింది గనక మా తారూత్ అఖాతం బతికింది. చివరి బావి నవంబరులో ఆరింది. ఆ ఏడాదంతా నాకు ఒకటే భయం. ప్లాంటు ఆగితే తాగేది ఏమిటి? అమ్మీ తోటలో ఊట అప్పటికే బాగా దిగిపోయింది. బకెట్టు నిండా ఏసీ నీళ్ళున్నాయి కదా అని చెల్లిని ఓదార్చాను. ప్లాంటు ఆగితే కరెంటూ ఆగుతుందని, ఏసీ తిరక్కపోతే ఆ బకెట్టూ నిండదని దానికి చెప్పలేదు.

1995 జనవరి 8న ఇంకో మంట లేచింది. ఈసారి గల్ఫ్‌లో కాదు, మా ఊరికి కూతవేటు దూరంలో. పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న గ్యాస్ బావి పేలి అంటుకుంది. వారం రోజులు ట్రంకుకాల్ కలవలేదు. కలిశాక ఫోన్‌లో మేనత్త గొంతు వెనక, ఎక్కడో విమానం ఎగురుతున్నట్టు మోత. “అదేరా ఆ మంట మోత,” అంది. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించారు. రాత్రిళ్ళు దీపం పెట్టక్కర్లేదట, కొబ్బరాకుల నీడలు గోడల మీద ఊగుతున్నాయట. అమెరికా నుంచి నిపుణులు వచ్చి ఆర్పేటప్పటికి 65 రోజులు పట్టింది. ఆ వేసవిలో వెళ్ళి చూశాను. తలలు మాడిపోయిన కొబ్బరిచెట్లు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే నాకు ఖతీఫే గుర్తొచ్చింది. పైన తోట, కింద నీరు, ఇంకా కింద గ్యాస్. మా గ్యాస్ అప్పటికే కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీకి, విజ్జేశ్వరం కరెంటు కేంద్రానికి వెళ్తోంది. పాశర్లపూడి చుట్టుపక్కల ఇళ్ళలో మాత్రం ఆ ఎండాకాలంలోనూ కరెంటు కోత. మా మేనత్త విసనకర్రతో విసురుకుంటూ ఆ మంట కబుర్లు చెప్పింది.

1996లో మేం ఖతీఫ్ వదిలేశాం. నా కాలేజీ చదువు కోసం అమ్మ, చెల్లి, నేను వచ్చేశాం. నాన్న ఇంకో తొమ్మిదేళ్ళు ఉన్నారు. వచ్చే ముందురోజు అమ్మ కరివేపాకు మొక్కని పక్కింటి మలయాళీ ఆంటీకి అప్పగించింది. బకెట్టుతో సహా.

తర్వాత ఇరవై ఏళ్ళపాటు కరెంటు రంగంలోనే పని చేశాను. లెక్కలు చూడటం నా వృత్తి అయింది. ఒక రాత్రి ఆఫీసులో కూర్చుని రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టాను. 2004లో ఖతీఫ్ క్షేత్రాన్ని కొత్తగా విస్తరించారు. దాని సామర్థ్యం రోజుకి 5 లక్షల పీపాలు. 2009 నుంచి 2013 దాకా, వేసవి నెలల్లో సౌదీ అరేబియా కరెంటు కోసం నేరుగా తగలబెట్టిన ముడిచమురు సగటున రోజుకి 7 లక్షల పీపాలు. అందులో పెద్ద భాగం ఏసీలకే. అక్కడి ఇళ్ళలో వాడే కరెంటులో మూడింట రెండు వంతులు చల్లదనానికే పోతుంది. అంటే మా ఊరి కింద ఉన్న చమురంతా తోడి పోసినా, ఆ దేశపు వేసవి కరెంటుకి చాలలేదు. ఆ మోత, రాత్రంతా నన్ను జోకొట్టిన ఆ మోత, మా తోటల కింది నుంచే వచ్చింది. చాలాసేపు ఆ కాగితం అలా చూస్తూ ఉండిపోయాను.

2011లో లండన్‌లోని చాథమ్ హౌస్ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. సౌదీ అరేబియా సొంత వాడకం అదే జోరున పెరిగితే 2038 నాటికి చమురు దిగుమతి చేసుకునే దేశం అవుతుందని అందులో హెచ్చరిక. సాధారణంగా ఒక దేశం ఎదిగేకొద్దీ, ఒక రూపాయి సంపద పుట్టించడానికి పట్టే శక్తి తగ్గుతూ రావాలి. మంచి యంత్రాలు వస్తాయి, గోడలు వేడిని ఆపుతాయి, జనం పొదుపు నేర్చుకుంటారు. యూరప్‌లో అలా జరిగింది. గల్ఫ్‌లో దశాబ్దాలపాటు సంపదతో సమానంగా, ఒక్కోసారి అంతకంటే వేగంగా వాడకం పెరుగుతూ పోయింది. 2014లో సౌదీలో ఒక మనిషికి ఏడాదికి సగటున 9,400 యూనిట్ల కరెంటు. మన దేశంలో 800. నానమ్మ మీటరు వైపు చూసిన చూపుకీ, మేం ఏసీ వదిలేసి బజారుకెళ్ళిన ధీమాకీ మధ్య ఉన్న దూరం అది. 800 దగ్గర ఉన్నవాణ్ణి పొదుపు చెయ్యమనడం అన్యాయం. వాడికి ఇంకా కావాలి. కానీ 9,400 దగ్గరికి మా నాన్నా నేనూ నడిచిన దారినే వాడూ నడిస్తే, దారి పొడవునా ఎండిన ఊటలే ఉంటాయి.

సౌదీ ఎడారిలో గోధుమ పండించిన కథ చాలామందికి తెలియదు. డెబ్బైల చివర్లో మొదలుపెట్టి, సబ్సిడీలతో, భూమి లోపలి పాత నీళ్ళు తోడి, 1992 నాటికి ఏడాదికి నలభై లక్షల టన్నుల గోధుమ పండించారు. ఎగుమతి కూడా చేశారు. నీళ్ళు తరిగిపోతుంటే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ 2016కి ప్రభుత్వ కొనుగోళ్ళు ఆపేశారు. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు. 2004 మే 14న మన రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం అయింది. ఎండిన పొలంలో నిలబడ్డ రైతుకి అది ప్రాణం పోసింది, ఆ సంతకాన్ని నేను తప్పుపట్టను. కానీ అనంతపురంలో ఆరువందల అడుగుల బోరు ఎండి, ఎనిమిది వందలకి వెళ్తున్నామని ఒక రైతు నాతో చెప్పినప్పుడు, అమ్మీ తోటలో మెట్లు నా కళ్ళముందుకి వచ్చాయి.

2018లో ఉద్యోగం పని మీద జుబైల్ వెళ్ళాను. ఒక శుక్రవారం కారు తీసుకుని ఖతీఫ్ వచ్చాను. ఊరు గుర్తుపట్టలేనంత పెరిగింది. మేం చిన్నప్పుడు పీతలు పట్టిన చోట, బురదలో మడచెట్లు ఉండే చోట, మట్టి పోసి ఇళ్ళు కట్టారు. తారూత్ అఖాతంలో మడ అడవులు పెద్ద భాగం అలాగే పోయాయి. మిగిలినవాటిని ఇప్పుడు కాపాడుతున్నారు, రాస్ తనూరా వైపు లక్షల్లో కొత్త మొక్కలు నాటుతున్నారు. అక్కడి తెలుగు మిత్రులు కరెంటు బిల్లుల గురించి మాట్లాడుకోవడం నాకు వింతగా వినిపించింది. ఆ ఏడాది జనవరిలోనే కరెంటు ధర పెరిగింది, పెట్రోలు పెరిగింది, విలువ ఆధారిత పన్ను మొదలైంది. ముందటేడు నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికీ నెలనెలా రుసుము. భార్యాపిల్లల్ని దేశానికి పంపేసి, నలుగురు మగవాళ్ళు కలిసి గది తీసుకున్నారు. “రాత్రి పదకొండు దాటాకే ఏసీ వేస్తున్నామండీ,” అన్నాడు ఒక అమలాపురం కుర్రాడు. పొదుపు అనే మాట చివరికి అందరికంటే ముందు వాడి గదిలోకే వచ్చింది. అది నాకు బాధ కలిగించింది, ఇప్పటికీ కలిగిస్తోంది.

తోట సగం మిగిలి ఉంది. అమ్మీకి డెబ్బై అయిదు దాటాయి. ముందు గుర్తుపట్టలేదు. గోడ చూపించి, పులిహోర గిన్నె అని చేతులతో చెప్తే గుర్తుపట్టి, నా తల మీద చెయ్యి వేశారు. ఐన్ దగ్గరికి తీసుకెళ్ళారు. మెట్లన్నీ కనిపిస్తున్నాయి. పదిహేడు. చిన్నప్పుడు ఎన్ని మెట్లున్నాయో తెలిసే అవకాశం నాకు రాలేదు. అడుగున ఎండుటాకులు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. తోటకి ఇప్పుడు లోతు బోరు నుంచి బొట్టు బొట్టుగా గొట్టాల్లో నీళ్ళు వస్తున్నాయి. ఖునైజీ చెట్లు కొన్ని ఇంకా కాస్తున్నాయి. ఉడకబెట్టడం మానేశామన్నారు.

ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తాగుతుండగా ఆయన తన నడుం దగ్గర చెయ్యి పెట్టి అడిగారు.

“మీ ఊళ్ళో నీళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నాయా?”

ముప్ఫై ఏళ్ళకి పైగా ఆయన ఆ నడుం లోతు నీళ్ళని గుర్తుపెట్టుకున్నారు. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. బావి పూడ్చేశాం, బోరు వేశాం, ఆ నీళ్ళు ఉప్పబడ్డాయి, చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి, తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుంటున్నాం అని చెప్పాను.

“డబ్బా ఎంత?”

“పది రూపాయలు. అర రియాలు కంటే కొంచెం ఎక్కువ.”

ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకుని, నా వైపు చూసి, మెల్లగా అన్నారు.

“మీకింకా చవగ్గానే దొరుకుతున్నాయి.”